ఫ్లెక్సీ ఎన్నాళ్లుంటాది?

"నాయనా, సర్కిల్లో మావాని ఫ్లెక్సీ తీసేసినారంట. నువ్వు పోయి తెచ్చిస్తావా?"

పులివెందుల నుంచి మా ఫ్రెండు వాళ్లమ్మ ఫోన్. డిగ్రీలో వాడూ నేనూ ఒకే బెంచీ. ఏడాదిన్నర కిందట ముద్దనూరు రోడ్డులో బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు. మర్నాడే ఆరుగురం డబ్బులు వేసుకుని ప్రొద్దుటూరులో ఫ్లెక్సీ కొట్టించాం. 'కన్నీటి శ్రద్ధాంజలి' అని పైన, కూలింగ్ గ్లాసులతో నవ్వుతున్న వాడి వాట్సాప్ డీపీ మధ్యలో, కింద వరుసగా మా ఆరుగురి మొహాలు. మన సీమలో మనిషి పోతే మొదట లేచేది ఫ్లెక్సీయే కదా.

ఆదివారం పొద్దున్నే ప్రొద్దుటూరులో బండి తీశా. నేరుగా పోతే పని అయిపోయేది. కానీ జమ్మలమడుగు వైపు తిప్పాను. రీల్స్ కోసం గండికోటకు వాడూ నేనూ నాలుగుసార్లు పోయాం. ఇవతలే ఉన్న దానవులపాడులో మాత్రం ఒక్కసారీ దిగలేదు. "ఆడ ఏముంది రా, ఇసుక" అనేవాడు.

నిజమే, పెన్న ఒడ్డు, ఇసుక. ఆ ఇసుక కిందే వెయ్యేళ్లకు పైబడిన జైన క్షేత్రం ఉండేది. గత శతాబ్దం మొదట్లో పురావస్తు శాఖ వాళ్లు తవ్వితే గుడి, విగ్రహాలు, శాసనాలు బయటపడ్డాయి. వాటిలో ఒక స్తంభం శ్రీవిజయుడిది. రాష్ట్రకూట రాజు మూడో ఇంద్రుడి దగ్గర దండనాయకుడాయన, 10వ శతాబ్దం మనిషి. యుద్ధాలన్నీ అయ్యాక అన్నం నీళ్లు మానేసి ప్రాణం విడిచాడు. జైనులు దాన్ని సల్లేఖన అంటారు. అలా పోయినవాళ్ల గుర్తుగా నిలిపే రాయి పేరు నిసిధి.

ఆ స్తంభం ఇప్పుడు దానవులపాడులో లేదు. చెన్నై ఎగ్మోర్ మ్యూజియానికి పోయింది. మొదట నాకు మండింది. మా ఊరి రాయి అక్కడెందుకు? కాసేపు ఆ ఒడ్డున కూర్చున్నాక, ఇక్కడే వదిలేసుంటే నా చేతికి ఆ పేరన్నా అందేదా అనిపించింది. రెండూ నిజాలే. ఏది పెద్దదో ఇంకా తేల్చుకోలేదు.

వీరగల్లులతోనూ ఇదే పేచీ. ఆవుల మందను కాపాడబోయి చచ్చినవాళ్లకు, ఊరి కోసం పోరాడి పడిపోయినవాళ్లకు నిలిపిన రాళ్లు సీమలో ఎన్నో ఊళ్ల పక్కన ఉన్నాయి. కత్తి పట్టుకున్న మనిషి బొమ్మ ఉంటుంది. కొన్నిచోట్ల వాటికి పసుపు, కుంకుమ, నూనె పెడతారు. ఇంకొన్నిచోట్ల భక్తి ఎక్కువై ఎనామిల్ పెయింటు కొట్టేస్తారు, ఇక రాయి మీది అక్షరాలు పూడిపోయినట్టే. మ్యూజియానికి తెస్తే అక్షరం బతుకుతుంది, పూజ ఆగిపోతుంది. అందుకే పద్ధతిగా చేసేవాళ్లు రాయిని కదిలించే ముందే అది ఎక్కడుంది, ఏ దిక్కుకు తిరిగుంది, పక్కన ఏముంది అన్నీ ఫొటో తీసి రాసుకుంటారు. ఆ వివరాలు పోతే మిగిలేది బరువు మాత్రమే. నాగార్జునసాగర్ నీళ్లు వచ్చేముందు ఇక్ష్వాకుల కాలపు ఛాయాస్తంభాలను కొండ మీదికి చేర్చింది కూడా అట్లాగే.

రాళ్ల సంగతి సరే, పూలు, బొమ్మలు, చీటీలు? 2017 మేలో మాంచెస్టర్‌లో కచేరీ మీద బాంబు దాడి జరిగి 22 మంది చనిపోయారు. జనం ఒక చౌక్‌లో కుప్పలుగా పూలు, టెడ్డీ బొమ్మలు, ఉత్తరాలు పెట్టిపోయారు. అక్కడి ఆర్ట్ గ్యాలరీ వాళ్లు 10 వేలకు పైగా వస్తువులు ఏరి దాచారు. పూలను మాత్రం ఎరువు చేశారు. వానకు తడిసిన చీటీని ఆరబెట్టి, నంబరు వేసి, పెట్టెలో పెట్టడం! చదివినప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు రాలేదు.

మధ్యాహ్నానికి పులివెందుల. వేంపల్లె వైపు పోతే ఇడుపులపాయలో వైఎస్సార్ ఘాట్ ఉంది. 2009 సెప్టెంబర్ 2న హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన ముఖ్యమంత్రి సమాధి. తోట, కాపలా, వర్ధంతికి జనం. అందరికీ అంత జాగా దొరకదు.

సర్కిల్లో మావాడి ఫ్లెక్సీ లేదు. కాస్త ఇవతల టీ బంకుకు పడమటి పక్క పరదాలా కట్టుంది. తెల్లని వెనక భాగం బయటికి, బొమ్మ లోపలికి.

"తీసి చెత్తలో పడేసింటే నేనే తెచ్చినా అబ్బీ. పారేయబుద్ధి కాలేదు. మొగానికి ఎండ తగలకుండా లోపలికి తిప్పి కట్టినా" అన్నాడు టీ అన్న.

విప్పి చూశాం. కింద మా ఆరుగురం వెలిసిపోయాం. వాడు మాత్రం నవ్వుతూనే ఉన్నాడు.

ఇంట్లో వాళ్లమ్మ దాన్ని మడిచి ట్రంకు పెట్టెలో పెట్టబోయింది. "మడిస్తే గీతలు పడి పగులుతాదమ్మా" అని ఆపాను. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, బాగా ఆరాక, పాత నూలు చీర ముక్క వేసి, బొమ్మ బయటికి వచ్చేలా వదులుగా చుట్టాం.

"వెనకాల ఏమన్నా రాయి నాయనా, ఎప్పటిదో తెలియాల" అంది.

తేదీ, సర్కిల్ పేరు, కొట్టించిన మా ఆరుగురి పేర్లు రాశాను.

"కాపాడిన ఆయప్ప పేరు కూడా రాయి."

పేరు అడగలేదే! పెన్ను జేబులో పెట్టుకుని మళ్లీ బండి తీశాను.