మన్ను తిన్న యంత్రం

2018లో పెర్త్ నగరంలోని మా అబ్బాయి దగ్గరకు వెళ్ళినప్పుడు, మా ఇంటి తులసికోటలోని మట్టిని చిన్న పొట్లంగా కట్టుకొని వెళ్ళాను. ముప్పది యేండ్లు ఆ కోటకు నీరు పోసిన చేయి అంతకు ముందటి సంవత్సరమే చల్లబడింది. ఆమె గుర్తుగా ఆ మట్టిని కొడుకు పెరటిలో కలపాలని నా ఆశ. విమానంలో ఇచ్చిన పత్రంలో మట్టి ఉన్నదని నిజమే వ్రాశాను. అధికారి మర్యాదగానే పొట్లం తీసుకొన్నాడు, తిరిగి ఇవ్వలేదు. బయట నిలుచున్న మావాడితో చెబితే, "ఇక్కడ అంతే నాన్నగారూ" అన్నాడు. ఆ పొడిమాటకు మనసు చివుక్కుమన్నది.

వాడి ఉద్యోగం గనుల యంత్రాలను ఓడలలో తెప్పించడం. క్యాటర్‌పిల్లర్ 797ఎఫ్ అనే డంపరు ఒక్క విడతకు 363 టన్నులు మోస్తుందట. దాని టైరు రెండు నిలువుల కన్న ఎత్తు. అంతటి దానిని విడదీసి పంపి, గని వద్దనే మరల కూర్చుతారు. తమంత తాము నడిచే యంత్రాలను రో-రో ఓడలోనికి నడిపిస్తారు. విడిభాగాలను పొట్టి చక్రాల బండ్లపై లాగి, ఓడ ఊగినా కదలకుండా గొలుసులతో బిగిస్తారు.

ఒకనాడు వేరొక దేశపు గనిలో పనిచేసిన పాత ప్రొక్లెయిన్ ఒకటి ఫ్రీమాంటిల్ రేవులో దిగింది. ఓడ ఎక్కించే ముందు కడిగినదే. అయినా చైను పలకల నడుమ పిడికెడు ఎండుమట్టి తనిఖీలో బయటపడింది. మరల కడిగి, శుద్ధమనిపించుకొనే వరకు కదలరాదు. లేకుంటే వచ్చినచోటికే తిరుగుటపా. గనివారు ఫోను మీద ఫోను చేస్తున్నారు. మావాడు విస్తరి ముందు కూర్చొని లేచిపోయాడు.

"పిడికెడు మట్టికి ఇంత రభసా?" అన్నాను.

"అందులో ఒక విత్తనమో, తెగులో ఉంటే ఇక్కడి పొలాలు పాడవుతాయి నాన్నగారూ. మీ పొట్లం సంగతీ అదే. ఆనాడు నాకూ కష్టమే తోచింది. అమ్మ చేతి మట్టి కదా!"

పోతనగారి దశమస్కంధంలో కృష్ణుడు మన్ను తిన్న ఘట్టాన్ని ఎన్నియేండ్లు బోధించానో! నోరు చూపుమన్న యశోదను కోపిష్ఠిగానే పిల్లలకు చూపాను. ఆ కోపం వెనుక ఉన్న తల్లి భయం ఆ రాత్రి తెలిసింది. కొండలు మింగిన యంత్రం నోరు తెరిపించి, పిడికెడు మన్ను వెదకిన వాని మీద నా కినుక తీరిపోయింది.

మూడవనాడు యంత్రం విడుదలైంది. తిరిగివచ్చే ముందు, అక్కడి నర్సరీలో కొన్న తులసిని అక్కడి మట్టిలోనే నాటాను. నీరు మావాడు పోస్తున్నాడు.