తలాంతుకు తరగతులా?

జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్ గారు (1954–1993) మొదట బొమ్మలు వేసేవారు. సిరిసిల్లలో ఒక స్టూడియోలో ఫొటోగ్రఫీ నేర్చుకొని, 1976లో జగిత్యాలలో సొంత స్టూడియో పెట్టుకొన్నారు. కవిత్వంలోకి వచ్చింది ఊరి సాహితీమిత్రుల సాంగత్యంతోనే. అంతటివారే ఒకరి దగ్గర కూర్చొని నేర్చుకొన్నారు గదా!

కోరుట్లలో బీడీలు చుట్టే మా చెల్లెలు లెక్కల పుస్తకం వెనుక పాటలు వ్రాస్తుంది. భావం బాగుంటుంది, చరణం మాత్రం తాళానికి నిలవదు. శనివారాలు జగిత్యాల వెళ్లి ఒక తెలుగు మాస్టారి దగ్గర నేర్చుకొంటానంటే, "తలాంతు దేవుడిచ్చేది, దానికి క్లాసులెందుకు బిడ్డా?" అన్నది పెద్దమ్మ. మన సంఘాల్లో హార్మోనియం నేర్చుకోకుండా వాయించేవారెవరని అడిగాను. అసలు చిక్కు వేరు: వెళ్లిన రోజు బీడీల కూలి పోతుంది. బస్సు చార్జీ నేనిస్తానన్నాను. కూలి సంగతి ఇంట్లో ఇంకా తేలలేదు.