వాన పైపు మీద ఒక కన్ను

రోహిణి కార్తె ఎండలప్పుడే వాన నీళ్ల పైపును చూసుకోవాలి. మిర్గం చినుకులు మొదలయ్యాక నిచ్చెన కోసం పరుగెత్తితే ఏం లాభం? మా చిన్నకోడూరులో పెంకుటిళ్ల చూరు నీళ్లు గోడకు ఎడంగా వాకిట్లో పడేవి. డాబాకు ఆ వెసులుబాటు లేదు. మీద పడిన వానంతా ఒకటి రెండు తూముల్లోంచే దిగాలి. వంద చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1,000 లీటర్లు! తూముకు వేపాకులు, పావురాల ఈకలు అడ్డం పడితే ఆ నీళ్లు స్లాబునే నానబెడతాయి.

పైపు జాయింటు కారుతుంటే ముందు గోడ మీద పచ్చగా నాచు కడుతుంది. తర్వాత సున్నం పొక్కుతుంది. ఆ పొక్కును వేలితో నొక్కితే పొడిపొడిగా రాలుతుంది. దానిమీద మళ్లీ రంగు వేయించడం శుద్ధ దండగ. పగిలిన ముక్క కోసేసి, తడి ఆరాక కొత్త ముక్క అతికించాలి. ఎండకు పెళుసుబారిన పీవీసీ పైపు ఊగితే పగులుతుంది కాబట్టి ఊడిన క్లాంపులూ బిగించాలి. తూముకు జాలీ తప్పనిసరి.

మన మండలంలోనే చంద్లాపూర్ దగ్గర రంగనాయక సాగర్ ఉంది. 3 టీఎంసీల ఆ జలాశయంలోకి 2020లో గోదావరి నీళ్లను ఎత్తిపోసి తెచ్చుకున్నాం. అంత కష్టపడి నీళ్లు తెచ్చుకున్నవాళ్లం, ఇంటి మీది వానను మోరీ పాలు చేయడం నాకు మనసొప్పదు. పైపు కొసను ఇంకుడు గుంతలోకి మళ్లించండి. ఈ వారమే తూములో ఒక బిందె నీళ్లు పోసి, కిందికి సాఫీగా వస్తున్నాయో లేదో చూడండి.