గండికోటలో ఒక రిష్తా

మొన్న ఆదివారం ఖాన్‌దాన్ అంతా కలిసి గండికోట వెళ్లాం. జుమా మసీదు గోడ నీడలో దస్తర్‌ఖాన్ పరిచాం. ఆపా డబ్బా మూత తీసి రోహు వేపుడు వడ్డిస్తూ మెల్లగా మాట వేసింది.

"నీ బిడ్డను నా కొడుక్కియ్యి రా. ఇంటి పిల్ల ఇంట్లోనే ఉంటాది."

నేను జవాబ్ చెప్పలేదు. చేప ముల్లు తీస్తున్నట్టు తల వంచుకున్నా.

ఆ రోహు పొద్దున జమ్మలమడుగులో కొన్నది. గండికోట ప్రాజెక్టుదని అమ్మినాయన చెప్పాడు. శ్రీశైలం నుంచి కాలువల్లో వచ్చే కృష్ణ నీళ్లు పెన్నా లోయలో నిలిచిన చోటు అది. నిజానికి రోహు పెన్నా చేపే కాదు. గంగ వైపు నుంచి మనిషి తెచ్చిన మెహమాన్. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురీ సాబ్ ఇంజెక్షన్‌తో ఈ రకం చేపల చేత గుడ్లు పెట్టించాక, పిల్లల కోసం నదులను వెతికే అవసరం తగ్గింది. హేచరీలు వచ్చాయి.

ఒకసారి చెరువులో చేపపిల్లలు వదులుతుంటే వార్త రాయడానికి వెళ్లా. "వీటి తల్లులెన్ని?" అని లారీ ఆయన్ని అడిగా. నవ్వాడు. "తల్లుల లెక్క ఎవరికి కావాల సార్, పిల్లల లెక్క చాలు."

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఒక్క తల్లి రోహు లక్షల గుడ్లు పెడుతుంది. నాలుగు తల్లులతో ఒక చెరువు నింపేయొచ్చు. తాదాద్ లక్షల్లో కనిపిస్తుంది, నసల్ మాత్రం నాలుగిళ్లదే. ఆ పిల్లల్లోంచే మళ్లీ తల్లుల్ని ఎంచుకుంటే, అన్నాచెల్లెళ్లనే జత కట్టించినట్టు.

హేచరీ అంటే మనిషి చేతిలోది, సమందర్‌కేం తక్కువ అనుకునేవాణ్ణి. న్యూజిలాండ్ సంగతి చదివాక ఆ ధీమా పోయింది. అక్కడ టాస్మన్ బే అనే అఖాతంలో స్నాపర్ చేపల పొలుసుల్ని 1950 నుంచి దాచిపెట్టారు. ఆ పాత పొలుసుల్లోంచి డీఎన్ఏ తీసి 2002లో లెక్క చెప్పారు. నీళ్లలో లక్షలాది చేపలున్నా, తర్వాతి తరానికి నసల్ అందిస్తున్నవి వందల్లో ఉన్నట్టే. వేట జోరందుకున్న ఆ ఏళ్లలో వాటి జన్యువుల్లోని రకరకాలతనం తగ్గుతూ వచ్చింది. ఎందుకంటే సముద్రంలో గుడ్లు చాలా వరకు పోతాయి. కిస్మత్ ఉన్న కొన్ని తల్లుల పిల్లలే బతుకుతాయి. పైగా పెద్ద తల్లుల్ని ముందే వలలో పట్టేస్తే మిగిలేదేముంది?

రకరకాలతనం పోతే ఏమవుతుంది? కొత్త బీమారీ వచ్చినా, నీళ్లు వేడెక్కినా, కొన్ని చేపలైనా తట్టుకోవాలంటే అన్నీ ఒకే అచ్చులో ఉండకూడదు. అందుకే భువనేశ్వర్‌లో మేలు రకం రోహు తయారుచేసినప్పుడు గంగ, యమున, బ్రహ్మపుత్ర, సట్లెజ్, గోమతి, ఐదు నదుల నుంచి చేపలు తెచ్చి కలిపారు. 1997లో దానికి 'జయంతి' అని పేరు పెట్టారు. నదుల్లో ఆ నసళ్లు మిగిలి ఉండబట్టే అది కుదిరింది.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట బంద్ చేయడం కూడా తల్లులకు మోహలత్ ఇవ్వడమే. రంపంలాంటి ముట్టె ఉండే సాఫిష్‌ను పట్టడం 2001 నుంచి నేరం. చట్టం మిగిలినవాటిని కాపాడగలదు. పోయిన నసల్‌ను మాత్రం వెనక్కి తేలేదు.

ఇదంతా తలలో తిరుగుతుంటే మసీదు మెట్ల దగ్గర మామూ మనవళ్లిద్దరూ కనిపించారు. చేతులతో మాట్లాడుకుంటూ నవ్వుకుంటున్నారు. పుట్టుకతోనే ఇద్దరికీ వినపడదు. వాళ్ల అమ్మ, నాన్న ఖాలా పిల్లలు. నానా, నానీ కూడా అంతే. ఇద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉండి, పిల్లల్లో కలిసిందని డాక్టర్ చెప్పాడు. చిన్నోడు పరిగెత్తుకొచ్చి నా ప్లేట్‌లోంచి ముక్క తీసుకుని పోయాడు. వాళ్లంటే మా అందరికీ ప్రాణం. కానీ తెలిసి తెలిసి మళ్లీ అదే దారిలో నడవాలా?

"మజహబ్‌లో జాయిజే కదా" అంది ఆపా, నా మౌనం చూసి.

"జాయిజే ఆపా. ఫర్జ్ కాదు కదా" అన్నా. "ముందు బేటీని అడుగుతా. తను సరేనంటే ఇద్దరికీ రక్త పరీక్షలు చేయిస్తాం, డాక్టర్‌తో మాట్లాడతాం. ఆ తర్వాతే మాట."

ఆపా ఖామోష్‌గా చేప తోక వైపు ముక్కలన్నీ ఒక పక్కకు జరిపింది. నొచ్చుకుందని తెలుసు. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు కారులో నా పక్కన కూర్చోలేదు.

రాత్రి ఫోన్ చేసింది. "ఆ పరీక్ష కడపలో చేస్తారా?" అని అడిగింది.