ఎముకలు బాగున్నా పుత్తూరులో దిగొచ్చు!

పుత్తూరు అనగానే ఎవరికైనా కట్టే గుర్తొస్తుంది. కాలో చెయ్యో విరిగితే తప్ప ఈ ఊళ్లో దిగాలన్న ఆలోచనే రాదు. చెన్నై నుంచి తిరుపతి వెళ్లే బస్సు ఇక్కడ ఆగినా మన మనసు కొండమీదే ఉంటుంది. ఓ రెండు రోజులు తీరిక చేసుకుని దిగి చూడండి. ఇక్కణ్నుంచి ఓ కోట, ఓ సంస్థానం, ఓ జలపాతం చూసి రావచ్చు.

ముందు చంద్రగిరి. తిరుపతి దాటాక పన్నెండు కిలోమీటర్లుంటుందేమో. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడాక విజయనగర రాజులు పెనుకొండకూ, అక్కణ్నుంచి ఇక్కడికీ మకాం మార్చారు. రాజమహల్లోకి వెళ్లగానే ఓసారి తలెత్తి చూడండి. మూడంతస్తుల భవనంలో ఒక్క చెక్క దూలం కనిపించదు. రాయి, ఇటుక, సున్నం... అంతే! ఇప్పుడది పురావస్తు శాఖ మ్యూజియం. శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు. పక్కనే రెండంతస్తుల రాణీమహల్. పేరు అలా ఉన్నా, కింది భాగాన్ని గుర్రపుశాలగా వాడారంటారు.

పిల్లలకు ఇక్కడ చెప్పాల్సిన కథొకటుంది. 1639లో ఆంగ్లేయులకు చెన్నపట్నంలో కోట కట్టుకోవడానికి చోటిచ్చిన దామెర్ల వెంకటప్ప నాయకుడు ఈ రాయల కింద ఉన్నవాడే. ఆ ఇసుక తీరం మహానగరమై కూర్చుంది. రాయల కోటకేమో మనం టికెట్టు కొనుక్కుని వెళ్తున్నాం.

నన్నడిగితే చంద్రగిరి కన్నా కార్వేటినగరమే ఇష్టమంటాను. పుత్తూరు నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే. బొమ్మరాజుల సంస్థానం ఇది. ఐర్లండ్ వెళ్లినవాళ్లు బ్లార్నీ కోటలో ఓ రాయిని ముద్దుపెట్టుకుని వస్తారు. అలా చేస్తే మాటకారితనం అబ్బుతుందట! కార్వేటినగరంలో అలాంటి రాయేమీ లేదుగానీ మాటలకు మాత్రం లోటు లేదు. వేణుగోపాలుడి మీద సారంగపాణి పదాలు పుట్టింది ఇక్కడి ఆస్థానంలోనే. అచ్చంగా ఇంట్లో, వీధిలో మాట్లాడుకునే మాటల్లో రాశాడాయన. గోవిందసామయ్య మోహన, కేదారగౌళ వర్ణాలూ ఈ ఊరివే. చెన్నై సభల్లో వాటిని పాడేవారిలో ఈ ఊరు చూసినవాళ్లెందరో! సంగీతం నేర్చుకునే పిల్లలుంటే తప్పకుండా వెంట తీసుకెళ్లండి. వేణుగోపాలస్వామి గుడి చూసుకుని, పుష్కరిణి మెట్లమీద కాసేపు కూర్చుని, వాళ్లచేత ఓ వర్ణం పాడించండి.

రెండోరోజు కైలాసకోన. పద్మావతీ శ్రీనివాసుల పెళ్లి జరిగిందని చెప్పే నారాయణవనం దారిలోనే వస్తుంది, కల్యాణ వేంకటేశ్వరుణ్ని చూసుకుని ముందుకెళ్లొచ్చు. కోనలో నీళ్లు కొండమీంచి నేరుగా నెత్తిన పడతాయి. తినడానికి ఏమైనా పట్టుకెళ్తే సంచి మూతి గట్టిగా కట్టుకోండి, కోతులున్నాయి. ఇంకో జత బట్టలు మరిచిపోయినా ఫర్లేదు. పుత్తూరు చేరేలోగా ఒంటిమీదే ఆరిపోతాయి.