పాలసీలో పదిహేడో మినహాయింపు

ఐవీఎఫ్‌కి డబ్బు సర్దుకుంటున్నవాళ్లు ముందు తమ హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీలో మినహాయింపుల పేజీ చదవండి. ‘ఎక్స్‌క్లూజన్ 17’ కనిపిస్తే ఆగండి. ఐయూఐ, ఐవీఎఫ్, ఇక్సీ లాంటి సంతాన చికిత్సలు, సరోగసీ ఏదైనా సరే, క్లెయిమ్ రాదని దానర్థం. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో రూపొందించిన ప్రామాణిక మినహాయింపుల్లో అదొకటి.

కొన్ని కంపెనీలు మాత్రం వెయిటింగ్ పీరియడ్ పెట్టి, ఈ చికిత్సల ఖర్చు కొంత పరిమితి దాకా ఇస్తున్నాయి. కొన్ని ఆఫీసుల గ్రూప్ పాలసీల్లోనూ ఈ సదుపాయం ఉంటోంది. హెచ్ఆర్ వాళ్లని అడగడానికి మొహమాటపడకండి. అది మన ఆరోగ్యం, దాచుకోవాల్సిన తప్పేం కాదు.

నన్ను బాధపెట్టేది ఒకటుంది. 2021 నాటి సంతాన సాఫల్య, సరోగసీ చట్టాల ప్రకారం అండదాతకు 12 నెలలు, సరోగసీ తల్లికి 36 నెలలు బీమా చేయించాల్సింది పిల్లలు కావాలనుకునే దంపతులే. చేయించాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ దంపతుల చికిత్సకే చాలా పాలసీల్లో బీమా ఉండదు! సంతానలేమిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధి అనే అంటోంది. వ్యాధి అయినప్పుడు పుస్తెలతాడు తాకట్టు పెట్టి వైద్యం చేయించుకోవాల్సిన గతి ఎందుకు?

ఫైబ్రాయిడ్లకో, ఎండోమెట్రియోసిస్‌కో ఆపరేషన్ ఉంటే మాత్రం క్లెయిమ్ వదులుకోకండి. అవి వేరే జబ్బులు. పాలసీ వర్తిస్తుందేమో కంపెనీని రాతపూర్వకంగా ముందే అడగండి.