మా ఊరి బండిదోవ

కృష్ణా, గుంటూరు వారు డొంక అంటారు. గోదావరి సీమవారికీ, మన యానాం సోదరులకూ అది పుంత. తెలంగాణమువారికి బండ్లబాట. తరతరాలుగా హోసూరు ప్రాంతంలో పాతుకుపోయిన మేము బండిదోవ అంటాము. రెవిన్యూ దస్తరంలో దానినే తమిళాన వండిప్పాదై అని వ్రాస్తారు. పేరు యేదైతేనేమి, ఊరి నుండి చెరువుకూ, చేలకూ, శ్మశానానికీ పోయే ఆ దారి యే ఒక్కరి సొత్తూ కాదు, అందరిదీని. చిక్కంతా అక్కడే వున్నది. అందరిదీ అయినదానికి కాపలా యెవరు?

మేమంటే, ఆఫీసులలో గుమాస్తా ఉద్యోగాలు చేసుకుంటూ పట్టణంలో కాపురముండి, ఆదివారాలు స్వగ్రామానికి పోయివచ్చే యెనమండుగురం. పగలంతా తమిళంలో ఫైళ్ళు వ్రాసి, ఇంటికి వచ్చి తెలుగులో కోప్పడేవాళ్ళం. ఊరి దోవను బాగుచేయించాలని పోయిన ఏడాది పూనుకున్నాము.

దోవ యెట్లా మాయమవుతుందో పట్టణాలలో పుట్టిన మన పిల్లలకు తెలియకపోవచ్చు. దానిని యెవరూ ఒక్కనాడు దోచుకుపోరు. ప్రతి ఏటా దుక్కిలో ఇటువైపు రైతు ఒక చాలు, అటువైపు రైతు ఒక చాలు లోపలికి జరుపుతారు. తర్వాత గట్టు మీద కంప వేస్తారు. కొన్నాళ్ళకు కంప పోయి రాతికూసాలూ ముళ్ళతీగా వస్తవి. మా ప్రాంతంలో గులాబీ తోటలకు ప్లాస్టిక్ పందిళ్ళు లేచిన తర్వాత, ఇళ్ళస్థలాలు చదరపుటడుగుల లెక్కన అమ్మటం మొదలైన తర్వాత, జానెడు నేల కూడా డబ్బే అయింది. మేము టేపు పట్టి చూస్తే, పటంలో 20 అడుగులున్న దోవ గుడి వెనుక 14, మామిడితోపు దగ్గర 9, చెరువుకట్ట క్రింద 5 అడుగులకు వచ్చింది. అయిదడుగులలో యెడ్లబండి పోదు. నలుగురు మోసే పాడె కూడా పోదు. వానాకాలంలో కాలనీ నుండి ఒక శవాన్ని రాగిచేలో నుండి తీసుకుపోవలసి వచ్చింది. చేనుగలాయన కేకలు వేశాడు. వెంట వచ్చినవారు తలలు వంచుకొని పోయారు. ఆ సంగతి విన్న రోజున మాకు అన్నం సయించలేదు.

సొంత పొలమూ, మోటారు సైకిలూ వున్నవాడు తన దారి తాను చూసుకుంటాడు. గడ్డిమోపు యెత్తుకొచ్చే ఆడవారికీ, గొర్రెలకాపరికీ, కాలనీవారికీ ఇంకొక దోవ లేదు. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, మైదాన ప్రాంతాలలో 500 జనాభా దాటిన పల్లెలకు అన్ని కాలాలలో నడిచే రోడ్డు వేయ తలపెట్టింది. మంచిపనే, కాని అటువంటి రోడ్డు ఊరి మొగలో ఆగుతుంది. అక్కడినుండి లోపలికి పోవటం యెట్లా అన్నది ఊరివారి తలనొప్పి.

రచ్చకట్ట దగ్గర సమావేశం పెట్టాము. ఒకరు గ్రావెలు పరవాలన్నారు. ఒకరు కరెంటు దీపాలన్నారు. దోవ మొదట్లో ఒక స్వాగత ద్వారం కట్టి సంఘం పేరు వ్రాయించాలని ఇంకొకాయన. (పేరు వ్రాయించే పని మనవారికి యెన్నడూ ఆలస్యం కాదు.) అన్నీ విని, మూల కూర్చున్న ఒక అవ్వ, “ఏమప్పా, దీపాలు దేనికి? ముందు ఆ ముళ్ళతీగ వెనక్కి జరపండి. వంక దాటేదానికి నాలుగు బండలు వేయండి” అన్నది. ఆ మాటతో పనుల వరుస తేలింది. నిజానికి సన్నబడిన దోవ మీద గ్రావెలు పరవటమంటే, ఆక్రమణకు మన చేతులతో మనమే ముద్ర వేయటం. మొదట కొలత, తర్వాత రాళ్ళు పాతటం, ఆ తర్వాత వంక మీద బండలు, గ్రావెలు కడపట.

కొలతకు కాగితం కావాలి. ఇక్కడ గుమాస్తాలుగా మేము కొంత పనికివచ్చాము. “అయ్యా, మా దోవ పోయినది” అని వ్రాసిన అర్జీ బల్లమీదనే పడివుంటుంది. సర్వే నంబరు వేసి, ‘ఏ’ రిజిస్టరు నకలూ, కొలతల పుస్తకంలోని పటమూ జతచేసినది కదులుతుంది. దోవలు రెండు రకాలు. తనకంటూ సర్వే నంబరు వుండి పోరంబోకుగా రిజిస్టరులో చేరినది సర్కారు నేల. ఆక్రమణ తొలగించటానికి 1905 నాటి చట్టమే వున్నది. పట్టాభూమిలో నుండి పోయే దోవ అట్లా కాదు, తగాదా వస్తే సివిలు కోర్టే. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం 20 ఏళ్ళు బహిరంగంగా, హక్కుగా, అడ్డులేకుండా నడిస్తే హక్కు పుడుతుంది. అట్లా పుట్టిన హక్కు 20 ఏళ్ళు బొత్తిగా నడవకపోతే పోతుంది కూడాను. మహారాష్ట్రలోని మనవారికి కొంత వెసులుబాటు: అక్కడి 1966 నాటి భూమి శిస్తు కోడు 143వ సెక్షను క్రింద పొలం గట్ల మీది దోవ తగాదాను తహశీల్దారే విచారించి తేల్చవచ్చు.

పరాయి దేశాలలో యెట్లా చేస్తారని వెతికితే ఒక సంగతి కనబడింది. ఇంగ్లండు, వేల్సులలో 2000లో చేసిన చట్టం ప్రకారం స్థానిక రహదారి అధికారులు కాలిదోవల బాగుకు ప్రణాళిక వ్రాసి ప్రకటించాలి, పదేళ్ళకు మించకుండా తిరిగి చూసుకోవాలి. చూపు లేనివారికీ, నడక కష్టమైనవారికీ ఆ దోవలు యెంతవరకు పనికివస్తున్నవో కూడా అందులో లెక్కించాలి. మా అవ్వ ఆ చట్టం చదివినది కాదు.

సర్వేయరు వచ్చి రెండు పాతరాళ్ళు కనిపెట్టాడు. మామిడితోపు ఆసామి సణుగుతూనే ఆ సాయంత్రం తీగ వెనక్కి తీశాడు. చెరువుకట్ట క్రింది రైతు సంగతి అంత సులువు కాదు. ఆయన బోరుబావి దోవలోకి మూడడుగులు వున్నది. అవతలి ప్రక్క అంత నేల వ్రాసియిస్తానంటున్నాడు. మాట న్యాయంగానే వున్నది గాని, పోరంబోకు నేలను ఇచ్చిపుచ్చుకొనే అధికారం ఆయనకూ లేదు, మాకూ లేదు. సర్కారు ఉత్తరువు కావాలి. పైగా ఆ మలుపులో పాడె తిరుగుతుందా లేదా అన్నది మోసేవారు చెప్పవలసిన మాట. రాగి కోత కాగానే మూడవ రాయి వెతుకుతారు. ఆ రోజు కాలనీ పెద్దలు కూడా వస్తామన్నారు. వెదురు బొంగులు తెచ్చి మలుపులో తిప్పి చూస్తారట.